డ్రెస్సింగ్ గదిలో ఫిడేలు

కాలిన గాయాల వార్డులో పొద్దున్న తొమ్మిదిన్నరకి డ్రెస్సింగులు మొదలవుతాయి. అంతకు అరగంట ముందే డ్రెస్సింగ్ సిస్టర్ గది తాళం తీసి, కిటికీ తెరిచి, స్టీలు డబ్బాల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తుంది. గాజుగుడ్డలన్నీ ఆవిరి పట్టించామని వేరే డ్యూటీ వాళ్ళు రాసి సంతకం పెట్టినా ఆమెకి నమ్మకం కుదరదు. ఆవిరి తగిలితే నల్లబడే టేపు డబ్బా మీద నిజంగా నల్లబడిందో లేదో వెలుతురులోకి తెచ్చి చూసుకుంటుంది. సెలైన్ సీసాని తలకిందులు చేసి లోపల నలుసేమైనా తేలుతోందేమోనని కళ్ళు చికిలించి వెతుకుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరినీ ఊరికే నమ్మిన పాపాన పోలేదు. వార్డులో ఆమెకి చాటుగా పెట్టుకున్న పేరు అనుమానాలక్క. ఆ పేరు ఎవరు పెట్టి ఉంటారా అని కూడా ఆమె అందరినీ వరసగా అనుమానించింది.

టేబుల్ మీద అన్నీ సర్దాక ఆయా వచ్చి కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ వేస్తుంది. ఆ కుర్చీ ఫిడేలు మాస్టారిది.

మాస్టారు బడిలో పాటలు నేర్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, కోటు మోచేతుల దగ్గర అరిగిపోయి ఉంటుంది. ఆయన్ని తీసుకొచ్చింది కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చినా సరే, కట్టు విప్పేటప్పుడు పేషెంట్లు అల్లాడిపోతున్నారని, చెవిలో పాట పడుతుంటే భయం తగ్గుతుందని, భయం తగ్గితే నొప్పి కూడా దిగుతుందని ఆవిడ వాదన. "ఒక నెల చూద్దాం సిస్టర్" అంది. ఆ నెల కాస్తా నాలుగు నెలలైంది.

మొదటి రోజే పని చేసింది. మరిగే నూనె ఒంటి మీద పడ్డ హోటల్ వంటమనిషి ఒకడు ఆ రోజు టేబుల్ మీద ఉన్నాడు. పళ్ళు బిగబట్టి, టేబుల్ అంచు పట్టుకుని ఉన్నవాడు, మాస్టారు కమాను రెండోసారి లాగేసరికి గట్టిగా ఊపిరి వదిలాడు. వేళ్ళు సడలాయి. తర్వాత పడుకున్నవాడు పడుకున్నట్టే టేబుల్ మీంచి జానెడు ఎత్తు పైకి లేచి అక్కడే ఆగాడు. ఆయా ఇదే సందని కింద దుప్పటి మార్చేసింది. సిస్టర్ వీపు కింద నుంచి చేతులు పోనిచ్చి తీరిగ్గా కట్టు చుట్టింది. అంతకుముందైతే ఇద్దరు మనుషులు పట్టుకుని పక్కకి తిప్పాల్సి వచ్చేది, వాడు కేకలు పెట్టేవాడు, కట్టు వదులయ్యేది. పాట అయిపోయాక వంటమనిషి నెమ్మదిగా కిందికి దిగి, "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

అప్పట్నించీ అదే అలవాటైపోయింది. కేసు షీటులో జ్వరం, బీపీ కింద 'లేచిన ఎత్తు' అని ఇంకో గడి గీశారు. తాపీమేస్త్రి నాలుగు వేళ్ళు. మార్కెట్లో తూకాలు వేసే ఆవిడ జానెడు. టైపిస్టు అమ్మాయి ఒకతి ఫ్యాన్ దాకా వెళ్ళిపోతుంటే, ఫ్యాన్ ఆపేసి, ఆ పిల్ల చీలమండ పట్టుకుని ఆయా నిలబడేది.

మనుషులు లేవడం మీద సిస్టర్‌కి ఏ అనుమానమూ లేదు. ఆమె అనుమానమంతా మాస్టారి మీదే.

"ఊరికే ఎవరొస్తారే?" అని ఆయాని అడిగేది. "రోజూ రెండు బస్సులు మారి, ఎవరూ రూపాయి ఇవ్వకపోయినా, ఈ చీము వాసనలో కూర్చుని వాయించాల్సిన ఖర్మ ఆయనకేంటి?"

"మంచాయన కాబోలు సిస్టర్."

"మంచాళ్ళకి వేరే పనుండదా?"

పైగా మాస్టారు ప్రతి పేషెంటునీ ఆరాలు తీసేవాడు. ఏం పని చేస్తావు, ఇంట్లో ఎవరెవరున్నారు, చిన్నప్పుడు మీ అమ్మ ఏం పాడేది. ఈయనకెందుకీ వివరాలు? ఒకరోజు ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సిస్టర్ ఫిడేలు పెట్టె తెరిచింది. రెండు తీగలు, కమానుకి రుద్దే రజనం ముక్క, ఒక రుమాలు, దగ్గు బిళ్ళలు. అడుగున మెత్తటి గుడ్డ కింద కూడా వేలు పెట్టి తడిమింది. తల ఎత్తేసరికి మాస్టారు గుమ్మంలో ఉన్నాడు.

"ఏమైనా పోయిందా సిస్టర్?"

"చెదలు పట్టిందేమోనని చూస్తున్నా."

"పట్టిందా?"

"ఇంకా లేదు."

మర్నాటి నుంచీ మాస్టారు వచ్చీరాగానే పెట్టె తెరిచి ఆమెకి ఎదురుగా స్టూలు మీద పెట్టడం మొదలెట్టాడు. దాంతో ఆమె అనుమానం రెట్టింపైంది. ఆ వారమే సూపరింటెండెంటుకి ఒక ఉత్తరం రాసింది. బయటి మనిషిని శుభ్రమైన గదిలోకి రానివ్వడం మంచిది కాదని, కమాను పొడి గాయాల మీద రాలుతుందని, ఎత్తులోంచి పేషెంటు పడితే బాధ్యత ఎవరిదని, ఆయన ఉద్దేశం ఏమిటో తెలియడం లేదని. సూపరింటెండెంటు దాన్ని చదివి సొరుగులో పడేశాడు.

ఆ తర్వాత బాయిలర్ ఆపరేటర్ వచ్చాడు.

బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర గొట్టం పగిలి, ఆవిరి కొట్టి, వీపు మీద చర్మమంతా మెడ నుంచి నడుం దాకా ఊడొచ్చింది. చేతుల మీద కూడా బొబ్బలు. ముప్ఫై ఐదేళ్ళ దిట్టమైన మనిషి. అతనితో పాటు ఎప్పుడూ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఉండేవాడు. పొద్దున్నే ఆపిల్ పళ్ళ సంచీతో వచ్చేవాడు, సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. "మా తమ్ముడి లాంటివాడు సిస్టర్, ఎలా వదిలి వెళ్ళను?" అనేవాడు. వార్డులో ఏసీలు ఆ ఫ్యాక్టరీ వాళ్ళు కొనిచ్చినవే. అందుకని డ్రెస్సింగ్ గదిలోకి కూడా రావచ్చని సూపరింటెండెంటు ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చాడు.

విచిత్రం ఏమిటంటే, గుమ్మం దాటిన ప్రతివాణ్ణీ అనుమానించే సిస్టర్‌కి ఈ సూపర్‌వైజరు మీద మాత్రం మంచి అభిప్రాయం ఏర్పడింది. అతను అడక్కుండానే మాస్కు కట్టుకునేవాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాడు. "మీలా ప్రతిదీ ఒకటికి రెండుసార్లు చూసేవాళ్ళుంటే మా ఫ్యాక్టరీలో ఈ ప్రమాదమే జరిగేది కాదమ్మా" అన్నాడు ఒకసారి. సిస్టర్ ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి భర్తకి కూడా చెప్పింది.

బాయిలర్ ఆపరేటర్ లేవలేదు.

మొదటి రోజు మాస్టారు అరగంట వాయించాడు. అతను బల్లలా బిగుసుకుని పడుకునే ఉన్నాడు. పక్కకి తిప్పి పట్టుకుని, వీపుకి అంటుకుపోయిన గాజుగుడ్డని సెలైన్‌తో తడిపి తడిపి ఊడదీస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి గానీ నోరు మెదపలేదు. కేసు షీటులో ఎత్తు గడిలో సున్నా రాశారు. రెండో రోజూ సున్నా. అయిదో రోజూ సున్నా. చిన్నప్పుడు మీ అమ్మ ఏం పాడేదని మాస్టారు అడిగితే, సూపర్‌వైజరే జవాబు చెప్పాడు. "వాడికి పాటలంటే పెద్దగా పడవండీ."

'ఈ మాస్టారే కావాలని సరిగ్గా వాయించట్లేదు' అనుకుంది సిస్టర్. 'లేకపోతే అందరినీ లేపినవాడు ఇతన్నెందుకు లేపడు?' ఆ వారమంతా ఆయన వేళ్ళనే కనిపెట్టి చూసింది. మాస్టారి నుదురు చెమట పట్టేది. పాట మార్చేవాడు, శ్రుతి మార్చేవాడు, కళ్ళు మూసుకుని వాయించేవాడు. దొంగకి అలా చెమట పట్టదని ఆమెకి తెలుసు. తెలిసినా కాసేపు ఒప్పుకోలేదు.

ఎనిమిదో రోజున సూపర్‌వైజరుకి ఫోనొచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు. అతని వెనక తలుపు మూసుకుంది.

అంతే. ఆపరేటర్ గుండెల నిండా గాలి పీల్చుకుని, మూరెడు ఎత్తు లేచాడు. అంత బరువైన మనిషి అంత చప్పున లేవడం సిస్టర్ ఎప్పుడూ చూడలేదు. ఆయా "అమ్మయ్య" అని దుప్పటి లాగింది. మాస్టారు కళ్ళు తెరవకుండానే నవ్వాడు. సిస్టర్ వీపు కిందికి వంగి తడి గుడ్డని ఒక్క చుక్క రక్తం రాకుండా ఊడదీసింది.

తలుపు చప్పుడైంది. సూపర్‌వైజరు తిరిగొచ్చాడు.

ఆపరేటర్ దభీమని టేబుల్ మీద పడ్డాడు. పచ్చి వీపు మీద అంత ఎత్తు నుంచి పడ్డాడు. ఆ కేక ఆడవాళ్ళ వార్డు దాకా వినిపించింది. దుప్పటి ఎర్రబడింది. వచ్చే వారం చర్మం అతికే ఆపరేషన్ ఉంది, అది వెనక్కి జరిగింది.

ఆ మధ్యాహ్నం సిస్టర్ అన్నం ముట్టకుండానే క్యారియరు మూత పెట్టేసింది. తనకి ఇన్నాళ్ళూ ఎవరి మీద అనుమానం రాలేదో, ఎందుకు రాలేదో ఆలోచించుకుంది. మాస్కు బాగా కట్టుకున్నాడని. మెచ్చుకున్నాడని. ఆమెకి సిగ్గేసింది.

మర్నాడు కట్టు విప్పబోతూ, "అయ్యో, ఆయింట్‌మెంట్ అయిపోయింది. మీరు కాస్త మందుల షాపు దాకా వెళ్ళొస్తారా? వేరేవాళ్ళనైతే నేను నమ్మను" అంది సూపర్‌వైజరుతో. అతను మురిసిపోయి వెళ్ళాడు. ఆయింట్‌మెంట్ డబ్బా ఆమె ఏప్రాన్ జేబులోనే ఉంది.

మాస్టారు వాయించాడు. ఆపరేటర్ లేచాడు.

"ఆయనంటే నీకెందుకయ్యా అంత భయం?" అంది సిస్టర్, చేతులు ఆడిస్తూనే.

"భయమేం లేదు సిస్టర్. మంచాయన."

"మంచాయన్ని చూస్తే మనిషి రాయిలా పడతాడా? నేను ఇరవై ఆరేళ్ళుగా అబద్ధాలు వింటున్నా. నీకు చెప్పడం కూడా రాదు."

అతను పైకప్పు కేసి చూశాడు. "సోమవారం మా ఆవిడ లోపలికి వెళ్ళకూడదు" అన్నాడు.

"ఎక్కడికి?"

వరండాలో బూట్ల చప్పుడు వినపడింది. సిస్టర్ గబుక్కున రెండు చేతులూ అతని భుజాల కింద పెట్టి, పడబోతున్నవాణ్ణి పట్టుకుని మెల్లగా దించింది. సూపర్‌వైజరు లోపలికి వచ్చి ఆయింట్‌మెంట్ డబ్బా ఆమె చేతికిచ్చాడు.

సాయంత్రం అతని భార్య వచ్చింది. చలాకీ మనిషి, ఇంట్లో బట్టలు కుట్టి బతుకుతుంది. ఆ రోజు చంకలో ఒక ప్లాస్టిక్ కవరుంది.

"ఏమయ్యా, చూశావా! మీ ఫ్యాక్టరీలో నాకు పనిచ్చి, యూనిఫాం కూడా ఇచ్చేశారు" అని నీలం చొక్కా తీసి మంచం మీద పరిచింది. "రంగుల సెక్షన్‌లో వేశారు. బాయిలర్ గోడకి ఇవతలేనట. చలికాలం వెచ్చగా ఉంటుందని అన్నయ్య అన్నాడు."

"మన మనుషుల్ని మన కళ్ళ ముందే ఉంచుకోవాలి కదమ్మా" అన్నాడు పక్కనే ఉన్న సూపర్‌వైజరు, ఆపిల్ కోస్తూ. "తనిఖీ ఆఫీసరు గారు శనివారం వచ్చి వీడి వాంగ్మూలం రాసుకుంటే, సోమవారం బాయిలర్ వెలిగించుకోవచ్చు. నీకూ అదే మొదటి రోజు."

ఆపరేటర్ తన భార్య మొహంలోకి చూడలేదు. నీలం చొక్కా కేసే చూస్తూ ఉన్నాడు. మంచం పక్కన బీపీ చూస్తున్న సిస్టర్ ఆ అంకె రెండుసార్లు సరిచూసుకుంది. అంత పైకి ఎప్పుడూ పోలేదు.

శుక్రవారం పొద్దున్న కుర్చీ ఖాళీగా ఉంది. పదైనా మాస్టారు రాలేదు. సిస్టర్‌ని సూపరింటెండెంటు పిలిపించాడు.

"ఫిడేలు ఆపించేశానమ్మా. పేషెంటు పడ్డాడని ఫ్యాక్టరీ వాళ్ళు కంప్లయింటు ఇచ్చారు. మీరు ముందే చెప్పారు, నేనే పట్టించుకోలేదు" అని సొరుగులోంచి ఆమె ఉత్తరం తీసి చూపించాడు. తాను రాసింది తనకే మింగుడుపడలేదు.

"అది వెనక్కి తీసుకుంటాను సార్."

"ఫైల్లో నంబరు పడింది."

"నేను పొరపాటు పడ్డాను."

"మీరా?" అన్నాడు సూపరింటెండెంటు, నిజంగానే ఆశ్చర్యపోయి. కానీ ఉత్తరం ఇవ్వలేదు. డ్రెస్సింగ్ గదిలోకి మాస్టారు అడుగు పెట్టకూడదని వార్డుకి నోటీసు వచ్చింది.

డ్యూటీ దిగగానే సిస్టర్ రెండు బస్సులు మారి మాస్టారి ఇంటికి వెళ్ళింది. సైకిల్ షాపు మీద ఒంటి గది. ఆయన గుడ్డతో ఫిడేలు తుడుచుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ ఉత్తరం రాసింది నేనే."

"తెలుసు సిస్టర్. సూపరింటెండెంటు గారు చదివి వినిపించారు. రజనం పొడి సంగతి మీరు రాసింది నిజమే. దూరంగా కూర్చోవాల్సింది."

ఆయన కోప్పడితే ఆమెకి తేలికగా ఉండేది. "మీరు అసలు మా గదికి ఎందుకొచ్చేవారు? ఇప్పుడైనా చెప్పండి" అంది.

మాస్టారు గుడ్డ మడతపెట్టాడు. "ఇక్కడ వాయిస్తే కింద షాపువాడు కర్రతో కప్పు మీద పొడుస్తాడు. బడిలో ముప్ఫై ఏళ్ళు వాయించాను, పిల్లలు బెల్లు ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్ళు. నా పాట ఇంకాసేపు ఉంటే బాగుండునని మనుషులు అనుకోవడం మీ గదిలోనే మొదటిసారి చూశాను."

"అంతేనా?"

"అంతే. చాలదా?"

సిస్టర్ ఆయన మొహంలోకి మామూలుగానే, వదిలిపెట్టకుండా చూసింది. అందులో వేరే ఏమీ దొరకలేదు.

"రేపు ఆఫీసరొస్తాడు. అతను ఏదో దాస్తున్నాడు మాస్టారూ. ఏమిటో నాకు తెలీదు. లేస్తే చెప్తాడని మాత్రం తెలుసు."

"నన్ను గదిలోకి రావద్దన్నారు కదా."

"గదిలోకి వద్దన్నారు. కిటికీ బయట, దుప్పట్లు ఆరేసే చోట కూర్చోవద్దని ఎవరూ అనలేదు. నోటీసు నాలుగుసార్లు చదివాను."

శనివారం పదకొండింటికి ఆఫీసరు వచ్చాడు. ఫ్యాక్టరీల తనిఖీ చేసే మనిషి, బట్టతల, చంకలో లావుపాటి ఫైలు. మధ్యాహ్నం భోజనానికి ముందే పని ముగించుకోవాలన్నట్టు గడియారం చూసుకున్నాడు. ఆపరేటర్ని టేబుల్ మీద పడుకోబెట్టారు.

"డ్రెస్సింగ్ టైము సార్, ఆపడానికి వీల్లేదు. మీరు అడుగుతూ ఉండండి, నేను నా పని చేసుకుంటాను" అంది సిస్టర్. అని కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

సూపర్‌వైజరు ఆపరేటర్ తల దగ్గర నిలబడ్డాడు.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

"ప్రెషరు చూసుకోలేదు సార్" అన్నాడు ఆపరేటర్, పాఠం అప్పజెప్పినట్టు. "నిద్ర మత్తులో ఉన్నాను. తప్పు నాదే. కంపెనీ వాళ్ళ తప్పేమీ…"

బయట దుప్పట్ల మధ్య నుంచి ఫిడేలు మొదలైంది. చాలా చిన్నగా, మంచం పక్కన ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టుగా. ఆపరేటర్ మాట ఆగింది.

సూపర్‌వైజరు కిటికీ కేసి చూశాడు. "ఏమిటది? ఆపించారు కదా?"

"గది బయట సార్. బయటి శబ్దాలు నా చేతిలో ఉంటాయా?" అంది సిస్టర్, కట్టు విప్పుతూ.

ముందు మడమలు లేచాయి. తర్వాత నడుము. సూపర్‌వైజరు అరచెయ్యి ఆపరేటర్ ఛాతీ మీద పెట్టాడు. "పడుకో తమ్ముడూ. కదలకు." ఆపరేటర్ మూలిగాడు. పచ్చి వీపు టేబుల్‌కి ఒత్తుకుంది. ఫిడేలు ఆగలేదు. ఆ చేతి కింద నుంచే అతను మళ్ళీ రెండు వేళ్ళు లేచాడు. సూపర్‌వైజరు రెండో చెయ్యి కూడా వేసి, ముందుకి వంగి తన బరువంతా మోపాడు. అయినా ఆపరేటర్ లేస్తూనే ఉన్నాడు. నొక్కుతున్నవాడి మడమలు కూడా నేల వదిలాయి.

ఆఫీసరు పెన్ను ఆపాడు.

"ఎందుకండీ అలా నొక్కుతున్నారు?"

"పడిపోతాడని సార్. మొన్న ఒకసారి పడ్డాడు, అడగండి."

"ఈ వారంలో నేనిక్కడికి రావడం ఇది రెండోసారి. మొన్న వరండాలో కూర్చుని నలుగురు లేవడం చూశాను. ఎవర్నీ ఎవరూ నొక్కలేదు." ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వీపు కాలినవాణ్ణి వీపు మీదికి నొక్కుతున్నారేమిటి? మీరు కాసేపు బయట ఉండండి."

"సూపరింటెండెంటు గారి పర్మిషన్ ఉంది సార్."

సిస్టర్ తలుపు తీసి పట్టుకుంది. "చేతులు కడుక్కోకుండా పేషెంటుని ముట్టుకున్నారు. నా గదిలో అది కుదరదు. నడవండి."

అతను వెళ్ళాడు. ఆమె గడియ పెట్టింది.

ఆపరేటర్ మూరెడు ఎత్తులో నిలిచాడు. మొహం మీద ముడతలన్నీ విడిపోయాయి. పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు.

"సార్, ఇందాక చెప్పింది కొట్టేయండి" అన్నాడు.

"కొట్టేశాను. చెప్పు."

"ప్రెషరు ఎక్కువైతే సేఫ్టీ వాల్వు దానంతటదే లేచి ఆవిరి వదిలేయాలి సార్. మాది తరచూ లేచేది. ఆవిరి పోతే రంగు తొట్లు మరగవు, పని ఆలస్యం. అందుకని సూపర్‌వైజరు దాన్ని ఇనప తీగతో కట్టించాడు. వద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే గొట్టం పగిలింది. నన్ను ఇక్కడికి తెచ్చిన రోజే తీగ తీసేశాడు."

"అందుకే నాకు కనపడలేదు. సోమవారం?"

"మీరు సరేనంటే మళ్ళీ కడతాడు. కట్టకపోతే వాళ్ళ పని నడవదు. ఆ గోడకి ఇవతల మా ఆవిణ్ణి వేశాడు."

సిస్టర్ గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆఫీసరు.

"నోరు తెరిస్తే ఆమెకి పని ఉండదని, అప్పులపాలవుతామని అనేవాడు సార్. మీ ఆవిడ మా చేతుల్లోనే ఉంటుందని నవ్వుతూ అనేవాడు. నోరు మూసుకుంటే ఆ గోడ పక్కన నిలబడుతుంది. ఎటు తిరిగినా ఆమే. ఏం చెప్పను?"

"తీగ కట్టారనడానికి రుజువు?"

"వాల్వు మీటని పైకెత్తి కింద చూడండి. తీగ ఒరుసుకున్న గాడి ఉంటుంది. నా చిటికెన వేలి గోరు పడుతుంది అందులో."

ఆఫీసరు అదంతా రాసి, చదివి వినిపించాడు. ఆపరేటర్ చేతులకి కట్లున్నాయి, కుడి బొటనవేలు మాత్రం బయటికి ఉంది. సిస్టర్ కాగితాన్ని అట్టతో సహా అతని ఎత్తుకి ఎత్తి పట్టుకుంది. వేలిముద్ర పడ్డాక ఆఫీసరు ఫైలు మూసి, భోజనం మాట మర్చిపోయి, ఫ్యాక్టరీకి బయల్దేరాడు. వరండాలో సూపర్‌వైజరు లేడు. బల్ల మీద ఆపిల్ సంచీ ఒకటే ఉంది. సిస్టర్ దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆపరేటర్ భార్య విసురుగా వార్డులోకి వచ్చింది. ఒంటి మీద కొత్త నీలం చొక్కా, చేతిలో అన్నం క్యారియరు, మొహం ధుమధుమలాడుతోంది. క్యారియరుని బల్ల మీద ఠక్కున పెట్టింది.

"గేటుకి సీలేశారయ్యా! నన్ను లోపలికే రానివ్వలేదు. అంత దూరం నడిచి వెళ్తే, బాయిలర్ దగ్గర ఏదో తప్పు బయటపడిందట, ఎప్పుడు తెరుస్తారో తెలీదట. ఎవడో ఆఫీసరుకి ఉన్నదంతా వాగేశాట్ట! వాడి నోట్లో మన్ను పడ. నిక్షేపం లాంటి ఉద్యోగం, మొదటి రోజే ఊడింది. ఆ అన్నయ్యకి ఫోన్ చేస్తే ఎత్తడు. వాడెవడో దొరికితే నేనే…"

ఆపరేటర్‌కి నవ్వొచ్చింది. నవ్వితే వీపు మండింది, అయినా ఆపుకోలేకపోయాడు. ఇక్కడికి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

"నవ్వుతావేమయ్యా, మతి గాని పోయిందా? రేపటి నుంచి ఏం తింటాం?"

"కూర్చో" అన్నాడు. "కూర్చుని తిట్టు."

ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటి నుంచీ అందుకుంది. అతను తల ఆమె వైపు తిప్పుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటూ పడుకున్నాడు.